గోడ అవతల నీళ్లు పడాలంటే

ఇంటర్‌లో లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పాను. మూడోసారి రాయలేదు. అప్పటికి ఫైర్‌మన్ ఉద్యోగం వచ్చేసింది, మంటలార్పడానికి లెక్కలెందుకులే అనుకున్నాను. అది తప్పని తెలియడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. ఇప్పుడు సర్వీసులోకి వచ్చే పిల్లలు డిగ్రీలు, బీటెక్‌లు చేసి వస్తున్నారు. మీకు నాకంటే లెక్కలు బాగా వచ్చు, ఒప్పుకుంటాను. కానీ వచ్చిన లెక్కను నీళ్ల గొట్టం దాకా మోసుకొచ్చేవాళ్లు మీలో ఎంతమందో నాకు అనుమానమే. అందుకే నా సర్వీసు మొత్తంలో నేను చేసిన ఒకే ఒక్క లెక్క గురించి రాస్తున్నాను. దానికి నాకు నాలుగు నెలలు పట్టింది. నవ్వుకుంటే నవ్వుకోండి, కానీ పూర్తిగా చదివాక నవ్వండి.

నేనప్పుడు పాతబస్తీలోని ఒక ఫైర్ స్టేషన్‌లో లీడింగ్ ఫైర్‌మన్‌ని. అంటే బండి దిగగానే గొట్టం ఎక్కడ పరచాలి, నీళ్లు ఎటు కొట్టాలి అనేది నా పని. గొట్టం చివర ఉండే ఇత్తడి మూతిని మేం బ్రాంచి అంటాం. అది నా చేతిలో ఉంటే నన్ను మించినవాడు లేడని స్టేషన్‌లో పేరు. నేనూ నమ్మాను.

అఫ్జల్‌గంజ్ వెనక గల్లీల్లో ఒక పాత దేవిడీ, అంటే నవాబుల కాలపు పెద్ద బంగళా, ఉండేది. పంచుకొని పంచుకొని చివరికి దాని లోపలి ఆవరణలో ఐదు కుటుంబాలు మిగిలాయి. లోపలికి పోవడానికి ఒకటే దారి, ఒక కమాను. ఇద్దరు పక్కపక్కన నడిస్తే భుజాలు రాసుకుంటాయి. ఆ కమాను కింద ఎప్పుడు చూసినా అట్టపెట్టెలు, కాగితం కట్టలు. వెనకవైపు దేవిడీ గోడ, ముప్పై ఐదడుగుల ఎత్తు, సున్నం రాలిపోయి మధ్యలో కడుపులా ఉబ్బి ఉండేది. దానికి నిచ్చెన వేస్తే మనిషితో సహా కూలుతుంది.

ఒకరోజు పొద్దున పదింటికి ఆ కమాను అంటుకుంది. ఒక బండి ముందువైపు నిలిచి కమానులో మంటలతో కొట్లాడుతోంది. మమ్మల్ని వెనక గల్లీకి పంపారు. గోడకు నలభై అడుగుల ఇవతల కొంచెం ఖాళీ జాగా ఉంటే అక్కడ గొట్టం పరిచి బ్రాంచి పట్టాను. గోడ అవతల ఒక రేకుల షెడ్డు, అందులో పుస్తకాల బైండింగ్ చేసే ఒకాయన దుకాణం. కమాను మంట దాన్ని అందుకుంటోంది, దాని మీద నీళ్లు పడితే చాలు, ఆవరణ నిలుస్తుంది.

శిక్షణలో నేర్పినట్టు నలభై ఐదు డిగ్రీలకు పట్టాను. నీళ్లు గోడకు కొట్టుకొని మా మీదే చిమ్మాయి. కొంచెం ఎత్తాను. ఈసారి ధార గోడ దాటింది. "దాటింది అన్నా, దాటింది!" అని మావాళ్లంతా అరిచారు. నేను కదలకుండా అట్లాగే పట్టుకొని నిలబడ్డాను. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కొట్టాను, అర మిల్లీమీటరు కూడా కదల్చలేదు. ఎంత గర్వమో చెప్పలేను.

ముందువైపు వాళ్లు కమాను ఆర్పి లోపలికి వెళ్లేసరికి షెడ్డు బూడిదైంది. బైండింగ్ ఆయన రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి. నీళ్లొస్తాయని చూసి చూసి, షెడ్డులో ఉన్న గ్యాస్ సిలిండర్ పేలితే ఐదిళ్లూ పోతాయని తడి గోనెసంచి కప్పుకొని తానే దూరి దాన్ని బయటికి లాగాడు. మరి మేం కొట్టిన నీళ్లన్నీ ఏమయ్యాయి? షెడ్డు మీదుగా ఎగిరిపోయి, ఆవరణ దాటి, ఆ పక్క గల్లీలో ఒక ఇంటి వాకిట్లో పడ్డాయి. ఆ ఇంటామె కొంగు దోపుకొని వచ్చి మా మీద లొల్లి పెట్టింది, "మా ఇంట్ల ఏం అంటుకున్నదని గిట్ల ముంచిన్రు?" అని.

అంబులెన్స్ ఎక్కించేటప్పుడు బైండింగ్ ఆయన నన్ను చూశాడు. తిట్టలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు.

"అన్నా, మీ నీళ్ల సప్పుడు ఇనవడ్డది నాకు. నెత్తి మీదికెల్లి పోతున్నయ్. ఏడ వడ్డయ్ అన్నా?"

నేను వెళ్లి గొట్టం చుట్టడం మొదలుపెట్టాను.

స్టేషన్‌కు వచ్చాక అందరూ ఒకటే మాట. గోడ అవతల ఎవరికి కనిపిస్తుంది, నీ తప్పేముంది? మా ఆఫీసర్ కూడా అదే అన్నాడు, మంచి మనిషి. కానీ నా మనసు ఒప్పుకోలేదు. ఎంత ఎత్తాలో నాకు తెలియదు, అందుకే ఆయన చేతులు కాలాయి. ఇందులో గోడ తప్పేముంది? ఇంకో సంగతి అంతకంటే బాధించింది. ఆ కమాను అట్లాగే ఉంది, వారం తిరక్కుండానే దాని కింద మళ్లీ అట్టపెట్టెలు చేరాయి. లోపల ఐదు కుటుంబాలు అట్లాగే ఉన్నాయి. మళ్లీ అంటుకుంటే మళ్లీ మేమే పోవాలి. మళ్లీ నీళ్లు అవతలి గల్లీలోనే పడాలా? లేదు, పడనివ్వను అనుకున్నాను.

మా బండి డ్రైవరే పంపు కూడా నడిపేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద, నేను భాయ్ అనేవాణ్ని. ఆయనతో అన్నాను, ఇంకా పైకి ఎత్తితే, దాదాపు నిట్టనిలువుగా ఎత్తితే నీళ్లు గోడ దాటి దగ్గర్లోనే పడతాయేమో అని.

"అరే మియా, దిమాగ్ ఖరాబ్ అయిందా? గంత ఎత్తితే నీ నెత్తి మీదనే పడ్తది పానీ" అన్నాడు.

మా శిక్షణలో అదే మాట. డ్రిల్ మైదానంలో బ్రాంచి భుజం దాటి ఎత్తినవాడికి తిట్లు ఖాయం. ఖాళీ మైదానంలో ఎవరి నీళ్లు ఎక్కువ దూరం పోతే వాడు మొనగాడు, అంతే మాకు తెలిసింది. మా మైదానంలో గోడ లేదు. నేను కూడా ఎన్నో బ్యాచ్‌లకు "ఎత్తకు రా, ఎత్తకు" అని అరిచి మరీ నేర్పాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

జహనుమాలో మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఒక టీచరమ్మ ఉండేది. సర్కారు బడిలో లెక్కలు చెప్పేది. ఆదివారం చర్చి అయ్యాక మా ఆవిడ ఇంటికి వెళితే నేను టీచరమ్మ గుమ్మం ముందు నిలబడ్డాను. గోడ సంగతి, షెడ్డు సంగతి అంతా చెప్పి, ఎంత ఎత్తాలో ఒక్క చీటీ మీద రాసివ్వమన్నాను.

ఆమె చీటీ ఇవ్వలేదు, రెండొందల పేజీల నోట్‌బుక్ ఇచ్చింది.

"నేను చేసిస్తే నీకు ఆ ఒక్క గోడనే వస్తది అన్నా. నువ్వు చేస్తే ఏ గోడైనా వస్తది. కూసో" అంది.

నలభై రెండేళ్ల వయసులో ఆమె ముందు బాసింపట్టు వేసుకొని కూర్చున్నాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్నకే నోరు వెళ్లబెట్టాను. నీళ్లు మూతి నుంచి ఎంత వేగంతో వస్తాయి? ఇరవై రెండేళ్లు చేతిలో పట్టుకున్నాను, ఎప్పుడూ అడగలేదు. "నలభై ఐదు డిగ్రీలకు పడితే ఎంత దూరం పోతయ్?" అంది. అది తెలుసు, నలభై మీటర్లు. "ఐతే సెకనుకు ఇరవై మీటర్ల వేగం" అని ఎట్లా వచ్చిందో చూపించింది. దూరం నుంచి వేగం వెనక్కి లాగవచ్చని నాకు ఆరోజే తెలిసింది.

ఆ తర్వాత నెలలో నేను పడ్డ పాట్లు చెప్పుకుంటే పరువు పోతుంది. నీళ్లు ముందుకు పోయేది ఒక లెక్క, పైకి పోయి కిందికి వచ్చేది ఇంకో లెక్క, రెండింటినీ కలిపేది కాలం. ఇంత చిన్న మాట నా బుర్రకెక్కడానికి మూడు ఆదివారాలు. సైన్ ఏది, కాస్ ఏది అని డ్యూటీలో అరచేతిలో పెన్నుతో రాసుకునేవాణ్ని. మావాళ్లు నన్ను "మాస్టర్ సాబ్" అని పిలవడం మొదలుపెట్టారు, అది గౌరవంతో కాదని వేరే చెప్పాలా?

లెక్కకు కొలతలు కావాలి కదా. సెలవు రోజున టేపు పట్టుకొని ఆ గల్లీకి వెళ్లాను, యూనిఫాం లేకుండా. చేసిన తెలివితక్కువ పని అదే. పాతబస్తీలో ఎవడన్నా టేపు విప్పాడంటే రోడ్డు వెడల్పు చేసి ఇళ్లు కూలగొట్టడానికే అని అర్థం. నేను రెండడుగులు కొలిచానో లేదో పదిమంది చుట్టుముట్టారు.

"ఏంది కొలుస్తున్నవ్? ఎవరు పంపిన్రు నిన్ను?"

"ఎంత పోతది మాది? నోటీస్ ఏది?"

ఒకాయన టేపు గుంజుకున్నాడు. నేను ఫైర్ వాణ్నంటే ఎవరూ నమ్మలేదు. మంటలు లేనప్పుడు ఫైర్ వాడు ఎందుకొస్తాడు, అదీ నిజమే. ఇంతలో కమానులోంచి బైండింగ్ ఆయన వచ్చాడు. రెండు చేతులకూ కట్లు. నన్ను గుర్తుపట్టి, "ఇడువున్రి, నాకెర్కే" అన్నాడు. లోపలికి తీసుకుపోయాడు.

ఆయన భార్య నులక మంచంలో పడుకొని ఉంది. నడుము పడిపోయి మూడేళ్లట, లేవలేదు. మంట వచ్చినరోజు ఆమె మంచాన్ని నలుగురూ పట్టి ఆవరణ మూలకు లాగారట. ఏం కొలుస్తున్నావని అడిగింది. చెప్పాను.

"కాయితం మీద నీళ్లు పోస్తవా?" అంది.

"ముందు కాయితం మీద పోస్త అమ్మా, తర్వాత గోడ మీదికెల్లి పోస్త" అన్నాను. ఆమెకు నవ్వొచ్చింది. టేపు అవతలి కొస పట్టుకోవడానికి ఆయన చేతులు రావు కాబట్టి పక్కింటామె పట్టింది. గోడకు రెండువైపులా కొలిచి గోడ మందం కలిపితే, షెడ్డు ఉన్న చోటు నేను నిలబడే చోటికి ఇరవై రెండు మీటర్లు, దాని కప్పు నాలుగు మీటర్ల ఎత్తు ఉండేదట.

ఆ అంకెలు పెట్టి లెక్క చేస్తే రెండు జవాబులు వచ్చాయి. దాదాపు ఇరవై ఎనిమిది డిగ్రీలు, దాదాపు డెబ్భై మూడు డిగ్రీలు. ఒక ప్రశ్నకు రెండు జవాబులా? ఖచ్చితంగా ఎక్కడో తప్పు చేశానని చెరిపాను. మళ్లీ చేశాను, మళ్లీ రెండే. మూడు రోజులు చెరిపాను. చివరికి కాగితం చిరిగింది. ఇంటర్‌లో ఇందుకే తప్పి ఉంటానని నా మీద నాకే కోపం వచ్చి నోట్‌బుక్ మూలకు విసిరికొట్టాను. మా ఆవిడ దాన్ని తీసి టీచరమ్మ దగ్గరికి తీసుకుపోయింది, నన్ను అడగలేదు కూడా.

టీచరమ్మే మా ఇంటికి వచ్చింది.

"రెండూ కరెక్టే అన్నా. ఒక చోటికి నీళ్లు పంపాలంటే రెండు తొవ్వలుంటయ్. ఒకటి కిందికెల్లి, ఒకటి పైకెల్లి. ఎన్నడన్న బంతి ఆడలేదా? గట్టిగ ఇసిరినా అందుతది, పైకి లేపి ఇసిరినా అందుతది."

"మరి ఏది తీసుకోవాలె టీచర్?"

"లెక్క చెప్పేది అంతే. గోడ యాడున్నదో నువ్వు చూసినవ్, నేను చూడలే."

అప్పుడు గోడ దగ్గర రెండు ధారలూ ఎంత ఎత్తులో ఉంటాయో నేనే లెక్క వేశాను. ఇరవై ఎనిమిది డిగ్రీలది గోడ మధ్యలో గుద్దుకుంటుంది. డెబ్భై మూడుది గోడ మీదికి ఇంకో పాతిక అడుగులు లేచి, అవతల నేరుగా షెడ్డు మీదికి దిగుతుంది. ఆరోజు నేను పట్టింది యాభై ఏడో, అరవయ్యో. అదీ చేసి చూశాను. నీళ్లు షెడ్డు మీద ముప్పై అడుగులకు పైనే ఎగిరిపోయాయని తేలింది. ఆయన అంబులెన్స్ దగ్గర అడిగినదానికి జవాబు అది. నోట్‌బుక్ మూసి చాలాసేపు ఏడ్చాను. మా ఆవిడ టీ పెట్టి పక్కన ఉంచి వెళ్లిపోయింది.

కాగితం మీద పడ్డాయి సరే, నేల మీద? ఒక వడ్రంగి చేత అర్ధచంద్రం చెక్క కోయించి డిగ్రీలు గీయించాను. మధ్యలో దారం కట్టి, దానికి ఒక నట్టు వేలాడదీసి, బ్రాంచికి తీగతో బిగించాను. స్టేషన్ మైదానంలో ఇరవై రెండు మీటర్ల దగ్గర బకెట్లు పెట్టి డెబ్భై మూడుకు ఎత్తి కొట్టాను. నీళ్లు బకెట్ల దాకా రాలేదు. అంత పైకి పోయేసరికి గాలి తగిలి ధార చెదిరింది, చినుకులై పదిహేడు మీటర్ల దగ్గరే పడింది. కొన్ని ఆఫీసర్ గది కిటికీలోంచి ఆయన టేబుల్ మీద కూడా పడ్డాయి.

"ఎండాకాలంలో ఊరికి నీళ్లు లేవు, నువ్వు ఆకాశానికి పోస్తున్నవా?" అని ఆయన మీది మీదికి వచ్చాడు. మావాళ్లు పడీపడీ నవ్వారు. టీచరమ్మకు చెబితే, "నేను నేర్పిన లెక్కల గాలి లేదన్నా, అది నువ్వే చూసుకోవాలె" అంది. చూసుకున్నాను. ఆఫీసర్‌ను బతిమాలి, రోజూ డ్రిల్‌లో ఐదే ఐదు నిమిషాలు అడుక్కున్నాను. ఒక్కో డిగ్రీ దించుతూ బకెట్లలో ఎంత పడిందో చూసేవాణ్ని. మొదట భాయ్ మూతి ముడుచుకొని పంపు తిప్పేవాడు. పదిరోజులకు తనే బకెట్లు సర్దసాగాడు. అరవై ఎనిమిది డిగ్రీలు, పంపు కొంచెం ఎక్కువ తిప్పితే ధార విడిపోకుండా పోయి బకెట్లు నిండేవి. అరవై ఎనిమిది అని చెక్క మీద ఎర్రరంగుతో గీత గీశాను.

ఆ తర్వాత ఏడాది పాటు ఏమీ జరగలేదు. జరగకూడదనే కదా కోరుకునేది. చెక్క బండిలో నా సీటు కింద ఉండేది.

ఒక మే నెల మధ్యాహ్నం మళ్లీ ఫోన్ వచ్చింది. అదే కమాను. ఈసారీ మంట కాగితాల కట్టల నుంచి లోపలికి పాకి, అదే చోట కొత్తగా వేసుకున్న షెడ్డును అందుకుంది. ఐదు కుటుంబాలూ ఆవరణలోనే చిక్కుకున్నాయి, మంచంలో ఉన్నామెతో సహా.

వెనక గల్లీలో దిగగానే గొట్టం పరిచాం. నేను బ్రాంచికి చెక్క బిగించి, మోకాలి మీద కూర్చొని దాన్ని గుండెకు ఆనించుకున్నాను. అంత నిలువుగా పట్టినప్పుడు అది మనిషిని నేలలోకి తొక్కుతుంది. దారం ఎర్రగీత మీదికి వచ్చేదాకా ఎత్తి, "ఇడువు భాయ్" అన్నాను.

ధార పైకి పోయింది. గోడ దాటింది. ఆ తర్వాత కనిపించలేదు. గోడ అవతల నల్లటి పొగ అట్లాగే లేస్తోంది. అర నిమిషం. నిమిషం. నా వెనక మావాళ్లు అరవడం మొదలుపెట్టారు. "అన్నా, పడ్తలేదు, దించు!" "దించన్నా, సీదా కొట్టు!" ఆఫీసర్ వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "దించు" అన్నాడు. అది ఆర్డరు.

"సార్, ఇంకొక్క నిమిషం" అన్నాను. నా లెక్క తప్పైతే లోపల పదిహేడుమంది. ఆ నిమిషం నేను దేవుణ్ని అడిగింది నిజంగా చెబుతున్నాను, ఆ టేపు కొలత సరిగా ఉండేట్టు చూడు అని. దించలేదు.

మొదట భాయ్ చూశాడు. "సఫేద్! మియా, ధువ్వా సఫేద్ అయింది!"

నల్లపొగ తెల్లబడుతోంది. మంట మీద నీళ్లు పడితేనే పొగ తెల్లబడుతుంది, ఆవిరి కలుస్తుంది కాబట్టి. అది మాకందరికీ తెలుసు. ఆఫీసర్ నా భుజం మీది చెయ్యి తీసి, వెళ్లి గొట్టం పట్టుకున్నాడు. ట్యాంకు అయిపోతే రెండో బండి నీళ్లు కలిపాం. పావుగంట ఆ గీత మీది నుంచి దారాన్ని కదలనివ్వలేదు.

కమాను ఆరాక లోపలికి వెళ్లాను. షెడ్డు సగం మిగిలింది. మనుషులంతా మిగిలారు. అందరూ నెత్తి నుంచి కాళ్ల దాకా తడిసిపోయి ఉన్నారు. బైండింగ్ ఆయన ముడతలు పడ్డ ఆ రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్లు పూర్తిగా మడవవు ఆయనకు.

మంచంలోంచి ఆయన భార్య పిలిచింది. జుట్టు ముఖానికి అతుక్కుపోయి ఉంది.

"గిన్ని నీళ్లు పోయినసారి ఏడ వోయినయ్?"

"పోయినసారి నాకు రాదమ్మా. ఈ పని తర్వాత నేర్చుకున్న" అన్నాను. దాచడానికి ఏముంది?

"ఇప్పుడు మీ స్టేషన్ల ఎంతమందికి వస్తది?"

"నాకొక్కనికే అమ్మా."

ఆమె తడికొంగుతో ముఖం తుడుచుకొని నా వైపు చూసింది.

"మరి నీకు ఛుట్టీ ఉన్ననాడు అంటుకుంటే మేమేం గావాలె బిడ్డా?"

నేను శభాష్ అంటుందనుకొని వెళ్లాను. సిగ్గుతో బయటికి వచ్చాను. మర్నాడు పొద్దున డ్రిల్‌కు నోట్‌బుక్‌తో వెళ్లి అందరినీ కింద కూర్చోబెట్టాను, ఆఫీసర్‌తో సహా. రిటైరయ్యేదాకా ఏ ఒక్క బ్యాచ్‌నూ వదల్లేదు.